మూడో మిషన్‌లో ఇనుము

ఆ ఆదివారం కొట్లో ఎర్ర పేస్టు దొరక్క మా ఆవిడ తెల్ల పేస్టు తెచ్చింది. పేస్టు రంగు మారితే పోయేదేమీ లేదు గానీ, పొద్దున్నే సణగడానికి నాకు ఏదో ఒకటి కావాలి. సణుగుతూనే తోముకుని ఉమ్మేశాను. బేసిన్‌లో నురగ గులాబీ రంగులో ఉంది. ట్యూబు మూత తీసి మళ్ళీ చూశాను. పేస్టు తెల్లగానే ఉంది. ఇంకోసారి తోమాను. ఈసారి గులాబీ రంగు కూడా కాదు, ఎరుపు. బేసిన్ అంచు మీదినుంచి సన్నటి దారంలా కిందికి జారింది. గుండె గుభేలుమంది.

నాలుగు చుక్కల రక్తానికి అంత హడలిపోవాలా అని మీరనుకోవచ్చు. ఇంకొకరైతే అక్కర్లేదు. నా ఉద్యోగమే నోటితో. టీ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా రుచి చూసే పని నాది. రోజూ పదింటికి ఇరవై నాలుగు కప్పులు నా ముందు వరసగా పెడతారు. చెంచాతో తీసి, పక్క గదిలోకి వినబడేలా జుర్రి, అంగిలంతా తిప్పి, చక్రాల ఉమ్ముగిన్నెలో ఉమ్మేసి, ఒక్కో కప్పుకి ఒక నంబరూ ఒక మాటా రిజిస్టర్లో రాస్తాను. ఆ టీ ఖరీదైన డబ్బాల్లోకి వెళ్ళాలో, చవక పొట్లాల్లోకి పోవాలో ఆ మాటే తేలుస్తుంది. ఫ్యాక్టరీలో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. నాలుకగారు అంటారు. నాలుకగారు వచ్చారా, నాలుకగారికి ఇవాళ ఒంట్లో బాగాలేదట, ఇలా. మొదట్లో ఒళ్ళు మండేది. పోనుపోను లోలోపల మురిసిపోవడం అలవాటైంది.

మూడు నెలలుగా ఆ నాలుకకి టీలో ఇనుము తగులుతోంది. అన్నింట్లో కాదు. మా దగ్గర ఆకు నలిపే మిషన్లు మూడున్నాయి. నలిపిన విడతకి ఒక కప్పు లెక్కన, మిషన్‌కి ఎనిమిది కప్పుల చొప్పున ఒకటి, రెండు, మూడు అనే వరసలోనే ఎప్పుడూ పెడతారు. మొదటి మిషన్ టీ శుభ్రంగా ఉండేది. రెండోది ఫరవాలేదు. మూడో మిషన్ దగ్గరికి వచ్చేసరికి తుప్పుపట్టిన మేకు చప్పరించినట్టుండేది. రిజిస్టర్లో 'లోహం' అని రాశాను. అలా మూడు నెలల్లో నలభై ఒక్కసార్లు రాశాను.

మూడో మిషన్ మేస్త్రి ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న మనిషి. నెమ్మదస్తుడు, గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. నా మాట విని మిషన్‌ని మూడుసార్లు విప్పాడు. ముక్కలన్నీ గోనెపట్టా మీద పరిచి, ఒక్కోదాన్నీ తెల్లగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ తెచ్చి నాకు చూపించాడు. గుడ్డ మీద ఆకు పసరు తప్ప ఏమీ లేదు. మేనేజర్ శాంపిల్ లాబ్‌కి పంపాడు. ఇనుము లేదని రిపోర్టు వచ్చింది. లాబ్‌లో గాజు గొట్టాలుంటాయి గానీ నాలుక ఉండదుగా అన్నాను నేను. మేనేజర్ నవ్వేసి నా మాటే ఖాయం చేశాడు. పోయిన వారం మేస్త్రిని పనిలోంచి ఆపి, వచ్చే శనివారం విచారణ అన్నారు. ఆ విచారణ ఎలా ముగుస్తుందో గేటు దగ్గర పడుకునే కుక్కకి కూడా తెలుసు.

ఇదంతా తెలిసినవాణ్ణి, బేసిన్ ముందు నిలబడి ముందుగా మేస్త్రి గురించి ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు. నా గురించే ఆలోచించాను. నాకీ విద్య నేర్పిన పెద్దాయన గుర్తొచ్చాడు. యాభై అయిదేళ్ళు వచ్చేసరికి ఆయన పళ్ళన్నీ వదులై ఊడిపోయాయి. కట్టుడుపళ్ళు పెట్టించుకున్నాడు. పై సెట్టు అంగిలిని మూసేసింది. ఆ తర్వాత కొత్త టీకీ పాత టీకీ తేడా చెప్పలేకపోయాడు. కంపెనీవాళ్ళు మర్యాదగానే గేటు దగ్గర ఒక స్టూలు వేసి, లోపలికి వచ్చేవాళ్ళ పాసుల మీద ముద్ర వేసే పని ఇచ్చారు. ఒకప్పుడు చిటికెడు పొడి వాసన చూసి ఏ వారం కోసిన ఆకో చెప్పిన మనిషి, ఆ స్టూలు మీద కూర్చుని నాలుగు చెంచాల పంచదార వేసుకుని టీ తాగేవాడు. ఆ దృశ్యం నన్ను ఇరవై ఏళ్ళుగా భయపెడుతూనే ఉంది.

ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. పొద్దున్న పేస్టు ముట్టుకోవద్దు, అందులోని ఘాటు నాలుకని మధ్యాహ్నం దాకా మొద్దుబారుస్తుంది అనేవాడు. వేదవాక్కులా పాటించాను. పని ఉన్న రోజుల్లో పొద్దున్న నీళ్ళు పుక్కిలించడమే. రాత్రి భోజనమయ్యాక, నిద్ర కళ్ళమీదికి వస్తుంటే, ఎర్ర పేస్టుతో రెండు రుద్దులు. పొద్దున్న తోముకునేది ఆదివారం మాత్రమే. ఇరవై రెండేళ్ళు అలాగే గడిచాయి.

వెనక్కి తిరిగితే మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను గబగబా బేసిన్ కడిగేశాను. చూసిందని నాకు తెలుసు, చూసిందని నాకు తెలుసని ఆమెకీ తెలుసు.

"ఎన్నాళ్ళ నుంచి వస్తోంది?" అని అడిగింది.

"ఇవాళే."

"ఇవాళ కాదండీ. ఏడాదిన్నర నుంచి నేను గోడవైపు తిరిగి పడుకుంటున్నాను. ఎందుకో ఒక్కసారైనా అడిగారా?"

"కోపమనుకున్నాను."

"కోపమైతే చెప్పనా? వాసనండీ," అంది. నోటితో బతికే మనిషికి నీ నోరు కంపు కొడుతోందని చెప్పడానికి ఏడాదిన్నర పట్టింది ఆమెకి. ఆ ఏడాదిన్నరా నేను పెద్ద మగాణ్ణని ఇటువైపు గోడకి తిరిగి పడుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

సోమవారం ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వీధి చివర పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన రెండు నిమిషాలు చూసి, పళ్ళు పుచ్చలేదు గానీ ఇది నా చేతిలో పని కాదు, చిగుళ్ళ స్పెషలిస్టుకి చూపించండి అని చీటీ రాసిచ్చాడు. డాక్టరే తన చేతిలో పని కాదంటే ఇక మిగిలేది ఏమిటి? ఆ చీటీని చొక్కా జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. ఆ మూడు రోజులూ టీ జుర్రుతూనే ఉన్నాను. మూడో మిషన్ కప్పుల్లో ఇనుము తగులుతూనే ఉంది. ఉమ్ముగిన్నెలోకి చూశాను. టీ ఎర్రగానే ఉంటుంది కదా, అందులో ఏముందో ఎలా తెలుస్తుంది?

గురువారం మధ్యాహ్నం మా ఆవిడ నన్ను వెంటబెట్టుకుని స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. తీసుకెళ్ళింది అనడమే సరైన మాట. మెట్ల దగ్గర నేను ఒకసారి వెనక్కి తిరిగాను కూడా. బయటి గదిలో బల్ల మీద ప్లాస్టిక్ దవడ ఒకటి పెట్టారు. నా పక్కన కూర్చున్నాయన దానిలోంచి ఒక్కో పన్నూ పీకుతూ మళ్ళీ గుచ్చుతూ కాలక్షేపం చేస్తున్నాడు. ఆ దవడ ఇటివ్వండి అని మా ఆవిడే తీసుకుని పత్రికల కింద పెట్టేసింది.

డాక్టరమ్మ పొట్టిగా, నెరిసిన జుట్టుతో, కళ్ళజోడుకి మరో జత భూతద్దాలు తగిలించుకుని ఉంది. చేతిలో సన్నటి కడ్డీ. దాని మీద నల్లటి గీతలు. చిగురుకీ పంటికీ మధ్య సందు ఎంత లోతుందో దీంతో కొలుస్తానని చెప్పింది.

"మూడు మిల్లీమీటర్ల దాకా భయం లేదు. అయిదు దాటితే అప్పుడు మాట్లాడుకుందాం," అంది.

నేను నోరు తెరిచాను. ఆవిడ అంకెలు చెబుతుంటే నర్సు కంప్యూటర్లో ఎక్కిస్తోంది. మూడు, రెండు, మూడు. మూడు, మూడు, నాలుగు. ఒక్కో పంటికి ఆరు చోట్ల కొలుస్తున్నారు. పై వరస ముందు పళ్ళు గడిచేదాకా నేను ఊపిరి పీలుస్తూనే ఉన్నాను. తర్వాత అయిదు వచ్చింది. ఆరు వచ్చింది. ఆరు, రక్తం అంది. ఏడు, రక్తం అంది. కడ్డీ లోపలికి ఎంతదూరం దిగుతోందో నాకు తెలుస్తోంది. అంతదూరం దిగడానికి అక్కడ చోటుండకూడదు. కింది వరసకి వెళ్ళాక ఒకచోట ఎనిమిది అంది. నర్సు సరిగ్గా వినబడనట్టు తలెత్తి చూసింది. ఎనిమిది అని డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది.

ఇరవై రెండేళ్ళుగా కప్పులకి నంబర్లు వేసినవాణ్ణి. ఒక నంబరు రాసేసి, వెనక్కి చూడకుండా పక్క కప్పుకి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ నంబరు అవతలివాడి కడుపులో చెయ్యిపెట్టి ఎలా దేవుతుందో ఆ కుర్చీలో వెల్లకిలా పడుకుంటే గానీ నాకు తెలియలేదు.

తర్వాత ఆవిడ అద్దం కాడతో కింది పన్నొకదాన్ని అటూ ఇటూ నెట్టింది. అది కదిలింది. పక్కదీ కదిలింది. ఎక్స్‌రే తీయించి తెర మీద పెట్టి, ఎముక ఎక్కడిదాకా ఉండాలో వేలితో ఒక గీత గీసి చూపించింది. ఎక్కడిదాకా మిగిలిందో దానికి చాలా కిందుగా ఇంకో గీత గీసింది. రెండు గీతల మధ్య ఏమీ లేదు. నొప్పి లేకుండానే ఇంత జరుగుతుందా అని మా ఆవిడ అడిగింది. నొప్పి ఉండదనేదే దీంతో వచ్చిన చిక్కు అంది డాక్టరమ్మ. తర్వాత నావైపు తిరిగింది.

"నోట్లో ఇనుప రుచి ఏమైనా తగులుతోందా?"

అప్పటిదాకా ఆ రెండూ ఒకదానికొకటి తగలకుండా నా బుర్రలో వేరువేరు గదుల్లో ఉన్నాయి. ఒక గదిలో నా రక్తం, ఇంకో గదిలో మేస్త్రి మిషను. ఆ ప్రశ్నతో మధ్య గోడ కూలిపోయింది. రక్తానికి ఏ రుచి ఉంటుందో చిన్నప్పుడు వేలు తెగితే చప్పరించిన ప్రతివాడికీ తెలుసు. నాలుకగారికి తెలియదా?

"లేదండీ," అన్నాను.

ఎందుకన్నానో ఆలోచించి అన్నది కాదు. నా ప్రమేయం లేకుండానే వచ్చేసింది. మా ఆవిడ నా వైపు చూసింది. మూడు నెలలుగా రోజూ భోజనాల దగ్గర మూడో మిషన్‌లో ఇనుమని ఆమె చెవులు హోరెత్తించినవాణ్ణి నేను.

ఎలా తోముకుంటారని డాక్టరమ్మ అడిగితే పెద్దాయన పాఠం చెప్పాను. చెప్పేటప్పుడు కాస్త గర్వంగానే చెప్పాను, మా వృత్తి రహస్యం కదా. ఆవిడ భూతద్దాలు పైకెత్తి నన్ను మామూలు కళ్ళతో చూసింది.

"పేస్టుకి రుచుంటుంది, ఒప్పుకుంటాను. బ్రష్షుకి ఏం రుచండీ? పేస్టు లేకుండా ఉత్త బ్రష్షుతో తోముకోవచ్చుగా," అంది.

ఇరవై రెండేళ్ళలో నాకు ఆ సంగతి తట్టలేదు. పెద్దాయనకీ తట్టలేదు. నాలుకని కాపాడుకుంటున్నామనుకుంటూ ఇద్దరం దాని చుట్టూ ఉన్న ఇల్లంతా కూల్చుకున్నాం. ఆయన తన పళ్ళు ముసలితనం వల్ల పోయాయనుకుంటూనే పోయాడు.

కింది పళ్ళు రెండు దక్కడం కష్టమని, మిగతావాటికి ఆశ ఉందని చెప్పింది డాక్టరమ్మ. ఇంజెక్షన్ ఇచ్చి చిగుళ్ళ అడుగుదాకా శుభ్రం చేస్తుంది. నోటిని నాలుగు భాగాలు చేసి నాలుగుసార్లు. అంతా అయ్యాక ఎనిమిది వారాలాగి మళ్ళీ కొలుస్తుంది. షుగర్ ఉందేమోనని రక్తపరీక్ష రాసింది. సోమవారం మొదలుపెడదాం అంది. శుభ్రం చేసిన కొద్ది వారాలకే రక్తం కారడం ఆగిపోతుందని, నోరు తేటపడుతుందని కూడా చెప్పింది. ధైర్యం చెప్పడానికే చెప్పింది పాపం. నాకు మాత్రం ఆ మాటే భయం పుట్టించింది.

వీధిలోకి వచ్చాక లెక్క దానంతటదే కుదురుకుంది. శనివారం మేస్త్రిని తీసేస్తారు. సోమవారం నా వైద్యం మొదలవుతుంది. నెల తిరిగేసరికి మూడో మిషన్ టీలో ఇనుము మాయమవుతుంది. చూశారా, మేస్త్రి పోయాడు, ఇనుమూ పోయింది అంటారు అందరూ. నాలుకగారు ఎప్పుడైనా తప్పు చెబుతారా అంటారు. నా చిగుళ్ళు ఎంత బాగుపడితే ఆయన నేరం అంత గట్టిగా రుజువవుతుంది. నేను ఎవరికీ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. అంతా అంత చక్కగా అమరింది. సోడా బండి పక్కన అరుగు ఉంటే కూలబడ్డాను.

మా ఆవిడ నా పక్కన కూర్చుంది. ఆమెకి ఎంతవరకు అర్థమైందో నేను అడగలేదు. కాసేపటికి, మేస్త్రి కూతురికి ఈ ఏడు కాలేజీ అని మీరే చెప్పినట్టు గుర్తు అంది. అంతే.

మనిషికి ఆశ చావదు. ఒకవేళ మిషన్లోనూ ఇనుము ఉండొచ్చు కదా, నా నోరూ పాడై ఉండొచ్చు కదా అనుకున్నాను. శుక్రవారం పొద్దున కప్పులక్క దగ్గరికి వెళ్ళాను. రుచి గదిలో నీళ్ళు మరిగించి, పొడి తూచి, కప్పులు పరిచేది ఆమే. ఆ గదిలో ఆమె సర్వీసు నాకన్నా ఎక్కువ. ఇవాళ వరస తిరగేసి మూడో మిషన్ ముందు పెట్టమన్నాను. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదే అంది. అయినా పెట్టింది.

మొదటి ఎనిమిది కప్పులు మూడో మిషన్‌వి. జుర్రాను. శుభ్రంగా ఉంది. శుభ్రంగా ఉండడం కాదు, బ్రహ్మాండంగా ఉంది. గొంతు వెనకాల తేనెలాంటి తీపి. మూడు నెలలుగా నేను చవక పొట్లాల్లోకి తోసేసిన టీ ఇది. రెండో ఎనిమిదీ ఫరవాలేదు. మూడో ఎనిమిది మొదటి మిషన్ టీ, నేను రోజూ మెచ్చుకునే టీ. పదిహేడో కప్పు దగ్గర నాలుక వెనకాల మేకు తగిలింది. పద్దెనిమిదిలో ఇంకాస్త. ఇరవై నాలుగో కప్పు వచ్చేసరికి నోరంతా తుప్పు. జుర్రిన ప్రతిసారీ నా చిగుళ్ళలోంచి నేనే రక్తాన్ని పీల్చుకుంటున్నాను. పదహారు కప్పులయ్యేసరికి అది నాలుకకి అందుతోంది. ఎప్పుడూ చివర ఉన్న పాపానికి ఆ నేరం మూడో మిషన్ మీద పడింది.

చెంచా బల్ల మీద పెట్టేశాను. మళ్ళీ పోయనా సార్ అని కప్పులక్క అడిగింది. వద్దన్నాను. ఆరోజు రిజిస్టర్లో ఏమీ రాయలేదు.

శనివారం పదకొండింటికి మేనేజర్ గదిలో విచారణ. మేస్త్రి గుండీలన్నీ పెట్టుకుని, మడతలు నలగని చొక్కాలో నిలబడి ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. రిజిస్టర్ బల్ల మీద తెరిచి ఉంది. ఆ నలభై ఒక్క 'లోహం' మాటల కింద ఎవరో నీలి పెన్నుతో గీతలు గీశారు. నోరు తెరవాలంటే భయం. తెరిస్తే వాసన వస్తుందనే భయం కూడా అందులో కలిసింది, ఏం చెయ్యను.

చెప్పాను. చిగుళ్ళ జబ్బని, రక్తమని, నిన్న వరస తిరగేస్తే ఏం జరిగిందో అంతా చెప్పాను. మేనేజర్ నమ్మలేదు. మేస్త్రి మీద జాలిపడి ఏదో కల్పిస్తున్నానని అనుకున్నాడు. ఆ మాటతో తప్పించుకోవడానికి నాకు ఇంకొక దారి దొరికింది. ఒక్క క్షణం ఆ దారి వైపు చూశాను కూడా, అది దాచను. తర్వాత తెల్ల కప్పు ఒకటి, చెంబుడు మంచినీళ్ళు తెప్పించమన్నాను. వాళ్ళిద్దరి ముందూ, టీ జుర్రినట్టే, ఆ మంచినీళ్ళని ఇరవై సార్లు జుర్రాను. చివరి గుక్క తెల్ల కప్పులో ఉమ్మి బల్ల మీద పెట్టాను.

ముగ్గురం ఆ కప్పులోకి చూశాం. నీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. అందులో ఎర్రటి పోగొకటి మెల్లగా తిరుగుతోంది. మేనేజర్ మొహం తిప్పుకున్నాడు. మేస్త్రి తిప్పుకోలేదు.

"మిషన్‌ని మూడుసార్లు విప్పాను సార్," అన్నాడు. గొంతు పెంచలేదు. "ప్రతి ముక్కా తుడిచి గుడ్డ తెచ్చి మీకు చూపించాను. మీరు ఒక్కసారి అద్దంలో నోరు తెరిచి చూసుకోలేదా?"

క్షమించమని అడిగాను. ఆయన క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. ఎల్లుండి నుంచి పనిలోకి రావచ్చా అని మేనేజర్ని అడిగి వెళ్ళిపోయాడు. మేనేజర్ కప్పుని కాగితంతో కప్పేసి, డాక్టర్ ఉత్తరం తెచ్చేదాకా రుచి గదిలోకి రావద్దని నాకు చెప్పాడు. అప్పటిదాకా పక్క ఫ్యాక్టరీ నుంచి ఎవరినైనా పిలిపిస్తాడట. నాకు మాత్రం ఏదో ఒక పని చూపించాలి కదా అన్నాడు. ఏ పనో ఆయన చెప్పకముందే నాకు తెలుసు.

సోమవారం కుర్చీలో పడుకోగానే, ఇంజెక్షన్ సూది చూసి కళ్ళు మూసుకుని, ఇనుప రుచి ఉందండీ, ఆ రోజు అబద్ధం చెప్పానన్నాను. తెలుసులెండి, నోరు పెద్దగా తెరవండి అంది డాక్టరమ్మ. సగం దవడ, సగం నాలుక చచ్చుబడ్డాయి. లోపల ఎక్కడో ఎముక మీద గీకుతున్న చప్పుడు తలలో వినిపిస్తోంది. ఇంటికి వచ్చి చిటికెడు ఉప్పు నాలుక మీద వేసుకున్నాను. ఆ సగంలో ఏమీ తెలియలేదు. మట్టి వేసుకున్నా అంతే. సాయంత్రానికి తిరిగొస్తుందని డాక్టరమ్మ చెప్పిందిగా అని మా ఆవిడ పదిసార్లు చెప్పింది. పదిసార్లూ ఉప్పు వేసుకుని చూశాను. అయిదున్నరకి నాలుక అంచున చురుక్కుమంది. అద్దం ముందు నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

అలాంటివి నాలుగు సోమవారాలు. షుగర్ లేదని తేలింది. కింది పళ్ళు రెండు పీకేశారు. ఆ నాలుగు వారాలూ, ఆ పైన ఎనిమిది వారాలూ గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని పాసుల మీద ముద్రలు వేశాను. అదే స్టూలు. పెద్దాయన కూర్చుని కూర్చుని ఒకవైపు నున్నగా అరిగింది. కార్మికులు లోపలికి వెళ్తూ నమస్కారం పెట్టడానికి ఇబ్బందిపడేవాళ్ళు. మేస్త్రి రోజూ ఎనిమిదికి పది నిమిషాలుండగా వచ్చేవాడు. పాసు చాచేవాడు. ముద్ర వేసేవాణ్ణి. ఆ పన్నెండు వారాల్లో మా మధ్య ఒక్క మాటా లేదు. పొద్దునా సాయంత్రమూ ఉత్త బ్రష్షుతో తోముకుంటూ, పళ్ళ సందుల్లో చిన్న బ్రష్షు దూర్చుకుంటూ, ఆ పాసు నా ముందు చాచే చెయ్యి గురించే ఆలోచించేవాణ్ణి.

మళ్ళీ కొలిచే రోజు మొదటిరోజుకన్నా ఎక్కువ భయపడ్డాను. ఈసారి అంకెల అర్థం తెలుసు కదా. మూడు, మూడు, రెండు. మూడు, నాలుగు, మూడు. నర్సు వేళ్ళ చప్పుడు ఎక్కడ ఆగుతుందా అని వింటూ పడుకున్నాను. ఒకచోట ఆరు వచ్చింది. దాన్ని కనిపెట్టి చూస్తూ ఉండాలి, మూడు నెలలకోసారి బతికున్నన్నాళ్ళూ రావాల్సిందే అంది డాక్టరమ్మ. రక్తం మాత్రం ఎక్కడా లేదని ఉత్తరం రాసిచ్చింది. మా ఆవిడ ఆ రాత్రి గోడవైపు తిరగలేదు.

రుచి గదిలోకి వెళ్ళిన రోజు కప్పులక్క పక్కన మేస్త్రి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మేస్త్రులు ఆ గదిలోకి రారు. ఇవాళ మా మిషన్‌ది ముందు పెట్టమన్నాను సార్ అన్నాడు. గేటు దగ్గర మొదలైన ఆ మౌనం తర్వాత ఇదే మొదటి మాట. సరేనన్నాను. చెంచా అందుకున్నాను.

మొదటి కప్పు బాగుంది. రెండోదీ బాగుంది. మూడో కప్పు జుర్రి ఆగిపోయాను. ఏదో ఉంది. ఇనుము కాదు. ఉడికినట్టు, చప్పబడినట్టు, ఆకు ప్రాణం పోయినట్టు ఏదో ఉంది. ఇది టీలో ఉందా, నాలో ఉందా? ఉందంటే ఈ మనిషికి రెండోసారి ద్రోహం చేసినవాణ్ణవుతానేమో. లేదంటే ఇక ఈ గదిలో నాకు పనేముంది? మేస్త్రి నా మొహంలోకే చూస్తున్నాడు. నీళ్ళు పుక్కిలించి తెల్ల కప్పులో ఉమ్మి చూశాను. తేటగా ఉంది. నాలుగో కప్పుకి వెళ్ళాను, అయిదుకి వెళ్ళాను, వెనక్కి వచ్చి మూడోది మళ్ళీ జుర్రాను. అదే.

"మూడో కప్పు," అన్నాను. "ఇందులో ఆకు ఎక్కువసేపు నలిగింది. నలిగి వేడెక్కిపోయింది."

చెంచా పక్కన పెట్టాను.

"ఎంతసేపు ఎక్కువ?" అని అడిగాడు మేస్త్రి.

"పది నిమిషాలు పైనే. పావుగంట ఉండదు."

ఆయన కట్టుకున్న చేతులు విప్పాడు. ఆ కప్పు తీసుకుని ఉమ్ముగిన్నెలో పారబోశాడు.

"పన్నెండు నిమిషాలు," అన్నాడు. "కావాలనే తిప్పాను సార్."

తర్వాత రిజిస్టర్ నా ముందుకి జరిపి, పెన్ను మూత తీసి ఇచ్చాడు. "ఇప్పుడు రాసుకోండి."